గ్యారేజీ పైగది

1927లో, టెక్సస్‌లోని శాన్ మార్కస్ అనే చిన్న ఊళ్లో, టీచర్లను తయారుచేసే ఒక కాలేజీ ఆవరణలో, కాలేజీ అధ్యక్షుడి గ్యారేజీ మీద ఒక ఇరుకు గది ఉండేది. అందులో ఒక పొడుగాటి పేద కుర్రాడు తలదాచుకున్నాడు. స్నానానికీ, గడ్డం గీసుకోవడానికీ ఆ దారిలోనే కాస్త దూరాన ఉన్న వ్యాయామశాలకు వెళ్లేవాడు. నేలలు ఊడ్చాడు. మేజోళ్లు అమ్మాడు. ఒకటీ రెండూ కాదు, పదీపన్నెండు రకాల పనులు చేశాడు. నిన్నటి కష్టాన్ని మించింది రేపు ఇంకేం వస్తుందోనని ఒక్కోసారి అనుకునేవాడట. ఆ గదికి అద్దె అడిగినవాళ్లు లేరు. అతను అక్కడ ఉంటున్న సంగతి కాలేజీ లెక్కలు చూసే పెద్దమనిషికి మూడేళ్లదాకా తెలియనే లేదు. తెలిశాక బిల్లు పంపాడు.

ఆ కుర్రాడు లిండన్ జాన్సన్. 38 ఏళ్ల తర్వాత, 1965 నవంబరు 8న, అమెరికా అధ్యక్షుడిగా అదే కాలేజీకి తిరిగివచ్చాడు. గది సంగతీ, మేజోళ్ల సంగతీ, ఆలస్యంగా వచ్చిన బిల్లు సంగతీ తానే చెప్పుకుని, ఉన్నత విద్యా చట్టం మీద సంతకం చేశాడు. డబ్బు లేదన్న కారణంతో ఏ బిడ్డకూ ఇక చదువు తలుపు మూసుకుపోకూడదని దాని ఉద్దేశం. ఆ ఉద్దేశంలో కల్మషం లేదు. ఈ మాట ముందే చెప్పుకోవాలి. ఎందుకంటే ఈ కథ ఎలా ముగిసిందో మనకు తెలుసు.

ఇవాళ 4 కోట్ల 20 లక్షల మందికి పైగా అమెరికన్ల తలల మీద ప్రభుత్వ విద్యారుణం ఉంది. మొత్తం 1.6 లక్షల కోట్ల డాలర్లు దాటింది. మనవళ్లను ఎత్తుకునే వయసులో ఇంకా తమ కాలేజీ అప్పు కడుతున్నవాళ్లు అందులో ఉన్నారు. మూడేళ్లపాటు బిల్లు రాని గదిలో ఉండి చదువుకున్నవాడి చేతిమీదుగా పుట్టిన చట్టం, బిల్లు ఎన్నటికీ ఆగని బతుకుల దగ్గరికి చేరింది. చావు కబురు విని ఒక ఇంటికి వెళ్లినప్పుడు, పోయిన మనిషి చిన్ననాటి నుంచీ మొదలుపెట్టి మెల్లగా చెప్పుకుంటారు చూడండి. ఇదీ అలా చెప్పుకోవలసిన కథే.

మన పెద్దల లెక్కలో మనిషి మూడు రుణాలతో పుడతాడు. దేవతలది ఒకటి, పితృదేవతలది ఒకటి, ఋషులది ఒకటి. ఋషి రుణం తీరే దారి చదువు. చదువుకుని, ఆ చదువును మరొకరికి చెబితే ఆ బాకీ చెల్లిపోతుంది. చదువు వల్ల అప్పు తీరుతుందన్న ఆ ఊహ ఎంత చల్లనిదో, చదివినందుకు అప్పు పెరిగే కాలంలో నిలబడి చూస్తే తెలుస్తుంది.

అమెరికా కూడా ఒకసారి ఆ ఊహకు చాలా దగ్గరగా వచ్చింది. 1944లో, రెండో ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చే సైనికుల కోసం చేసిన చట్టం కింద 22 లక్షల మంది దాకా కాలేజీలకు వెళ్లారు. వాళ్లకు ఇచ్చింది అప్పు కాదు. ఫీజు కట్టారు, పుస్తకాలు కొనిచ్చారు, నెల ఖర్చుకు ఇంత అని చేతిలో పెట్టారు. నల్లజాతి సైనికులకు దక్షిణాది రాష్ట్రాల్లో అందులో న్యాయమైన వాటా దక్కలేదన్నది ఆ వెలుగు మీది మచ్చ. 1957లో సోవియట్ స్పుత్నిక్ ఆకాశంలోకి వెళ్లింది. ఆ బెదురులో, మరుసటి ఏడు, ఐసన్‌హోవర్ అధ్యక్షుడిగా ఉండగా, విద్యార్థులకు మొదటిసారి ప్రభుత్వ సొమ్ము అప్పుగా ఇచ్చారు. వడ్డీ నూటికి మూడు. చదువు ముగిశాక, తీర్చడానికి పదేళ్లు. అందులో ఒక చిన్న నిబంధన ఉండేది. చదువు అయ్యాక బళ్లో పాఠాలు చెబితే, చెప్పిన ప్రతి ఏడాదికీ పదోవంతు అప్పు కొట్టేస్తారు, సగం వరకూ.

ఆ వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. నేర్చుకున్నది నేర్పితే బాకీ చెల్లు. మన ఋషి రుణాన్ని ఎక్కడో వాషింగ్టన్‌లో, దాని పేరు కూడా తెలియనివాళ్లు, సగం మేరకు చట్టంగా రాసుకున్నారు. ఆ సగాన్ని పూర్తి చేసి ఉంటే?

చేయలేదు.

జాన్సన్ మనసులో గ్యారేజీ గది ఒక్కటే కాదు, కొటుల్లా అనే ఊరు కూడా ఉంది. 1928లో చేతిలో డబ్బు లేక, చదువు ఏడాది ఆపి, ఆ ఊళ్లో వెల్‌హౌసెన్ బడిలో మెక్సికన్ కుటుంబాల పిల్లలకు పాఠాలు చెప్పాడు. వాళ్లలో చాలామంది ఉదయం ఏమీ తినకుండానే బడికి వచ్చేవాళ్లు. ఆ మొహాల్లో దాదాపు ఎవరికీ కాలేజీ గడప తొక్కే రాత లేదని తెలిసినప్పటి బాధ తనను ఎన్నటికీ వదల్లేదని సంతకం పెట్టిన రోజున అన్నాడు. గేట్లు తీసేశాం, దారి తెరిచాం, నడవండి అన్నాడు. ఆ రోజు కాలేజీ వ్యాయామశాలలో ఆ మాటలు విన్న పిల్లలు ఎంత నమ్మి ఉంటారో!

కాని చట్టం లోపల, చప్పట్లు వినపడని చోట, ఒక చిన్న మలుపు తిరిగిపోయింది. పేదపిల్లలకు తిరిగి కట్టనక్కరలేని సాయం కొంత పెట్టారు. మిగతావాళ్లకు అప్పు. ఆ అప్పు ఎవరివ్వాలి? ప్రభుత్వమే నేరుగా ఇస్తే ఆ సొమ్మంతా ఆ ఏటి బడ్జెట్‌లో ఖర్చు కింద కనిపిస్తుంది. బ్యాంకు ఇచ్చి, ప్రభుత్వం పూచీ పడితే కనిపించదు. వియత్నాం యుద్ధం ఖర్చు పెరుగుతున్న రోజులవి. రెండో దారే తీసుకున్నారు. చదువుకూ, చదువుకునే బిడ్డకూ నడుమ వడ్డీ లెక్క చూసే ఒక గల్లాపెట్టె వచ్చి కూచుంది. అప్పటికి అది చిన్నదే. గదిలో ఒక మూల సరిపోయేది.

1972లో మరొక్క అవకాశం వచ్చింది. రోడ్ ఐలండ్ సెనేటర్ క్లెయిబోర్న్ పెల్ పట్టుబట్టి ఒక సాయం సాధించాడు. పేదింటి విద్యార్థికి ప్రభుత్వం నేరుగా ఇచ్చేది, తిరిగి కట్టనక్కరలేనిది. ఆ తర్వాత దానికి పెల్ గ్రాంట్ అని ఆయన పేరే పెట్టారు. పునాది అదీ, అప్పు పైపై ఆసరా అనుకున్నారు. 1970ల నడుమ, ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో నాలుగేళ్ల చదువుకు తిండీ బసా కలుపుకుని అయ్యే ఖర్చులో నాలుగింట మూడు వంతులకు పైగా గరిష్ఠ గ్రాంట్ ఒక్కటే మోసేది. ఆ నాలుగైదేళ్లు తలుచుకుంటే, తెల్లవారుజామున వచ్చే మంచి కలలా ఉంటుంది. ఇవాళ అదే గ్రాంట్ మూడో వంతు బరువు కూడా మోయలేకపోతోంది. దాన్ని ఎవరూ రద్దు చేయలేదు. ఖర్చు పెరిగినంతగా దాన్ని పెంచలేదు, అంతే.

ఆ 1972 చట్టంలోనే విద్యారుణాల్ని బ్యాంకుల దగ్గర కొనడానికి శాలీ మే అనే సంస్థనూ పుట్టించారు. ఒకే కాన్పులో ఇద్దరు. ఒకడు ఎదగలేదు, ఒకడి ఎదుగుదల ఆగలేదు. 2004 కల్లా శాలీ మే పూర్తిగా ప్రైవేటు కంపెనీ అయిపోయింది.

ఇక 1976. నన్ను అడిగితే ఈ కథలో గుండె ఆగిపోయిన ఏడు అదే. న్యూయార్క్ నగరంలో 1847 నుంచీ బీదాబిక్కీ పిల్లలకు ఫీజు లేకుండా చదువు చెప్పిన నగర విశ్వవిద్యాలయం ఉంది. తూర్పు ఐరోపా నుంచి ఓడల్లో దిగిన యూదుల పిల్లలు, కుట్టుపని చేసే తల్లుల పిల్లలు అక్కడ చదివి పండితులయ్యారు. 1970లో దాని తలుపులు మరింత బార్లా తెరిచారు. నల్లజాతి పిల్లలూ, ప్యూర్టో రికో నుంచి వచ్చిన కుటుంబాల పిల్లలూ మొదటిసారి పెద్దసంఖ్యలో లోపలికి వచ్చారు. ఆరేళ్లు తిరక్కుండానే నగరం దివాలా అంచుకు చేరింది. 1976లో ఫీజు పెట్టారు. 129 ఏళ్లు నడిచిన ఉచిత చదువు, వీళ్లు గడపలోకి అడుగుపెట్టాక ఆగింది.

సరిగ్గా ఆ ఏడే వాషింగ్టన్‌లో ఇంకో తలుపు మూశారు. మన ఊళ్లలో ఐపీ పెట్టడం అంటారు, అప్పు తీర్చలేనివాడు కోర్టుకు వెళ్లి చేతులెత్తేయడం. ఆ దారి అమెరికాలో వ్యాపారికి ఉంది, రైతుకు ఉంది, అప్పటిదాకా విద్యార్థికీ ఉంది. కొత్తగా డాక్టర్లూ లాయర్లూ అయినవాళ్లు పట్టా చేతికి రాగానే ఐపీ పెట్టి అప్పు ఎగ్గొడుతున్నారని పత్రికల్లో కథలు రాసాగాయి. నిజానికి అలా మాఫీ అయిన విద్యారుణాలు నూటికి ఒకటి కూడా లేవని ప్రభుత్వ లెక్కే చెప్పింది. లెక్కను ఎవరూ వినలేదు, కథనే నమ్మారు. కట్టడం మొదలైన అయిదేళ్లలోపు విద్యారుణానికి ఐపీ చెల్లదన్నారు. అయిదేళ్లు 1990లో ఏడేళ్లయ్యాయి. 1991లో వసూలు దావాకు కాలపరిమితే లేకుండా చేశారు. 1998లో ఆ ఏడేళ్ల గడువూ పోయింది. ఇక ఎన్నేళ్లయినా మాఫీ లేదు. 2005లో ప్రైవేటు విద్యారుణాలకూ అదే కంచె వేశారు.

ఒక్క కిటికీ మాత్రం మిగిల్చారు: మితిమీరిన కష్టం ఉందని కోర్టులో రుజువు చేసుకుంటే మాఫీ. ఆ కష్టాన్ని ఎలా కొలవాలో చట్టం చెప్పలేదు, న్యాయమూర్తులు చెప్పారు. ఇప్పుడు కష్టపడుతున్నావంటే చాలదు, ముందు ముందు కూడా బాగుపడవని తేలాలన్నారు. కొన్ని కోర్టులు ఇక ఆశే లేదన్నది నిశ్చయంగా నిరూపించమన్నాయి. చదువుకున్నది ఆశతో. అప్పు చేసింది ఆశ మీద. ఆ మనిషి నల్లకోటు ముందు నిలబడి, నాలో ఆశ చచ్చిపోయిందండీ అని సాక్ష్యం తెచ్చుకోవాలి.

నేను ఇక్కడ ఒక కాగితం మీద లెక్క వేసి చూశాను. 2010లో పట్టా తీసుకుని పసిపిల్లల బడిలో చేరిన ఒకమ్మాయి ఉందనుకుందాం. అప్పు 30,000 డాలర్లు. వడ్డీ నూటికి 6.8, ఆ ఏళ్లలో వడ్డీ రాయితీ లేని ప్రభుత్వ విద్యారుణానికి ఉన్న రేటు అదే. అంటే నెలకు వడ్డీ 170 డాలర్లు. జీతం తక్కువ కాబట్టి, ఆదాయాన్నిబట్టి కట్టే పద్ధతిలో ఆమెకు నెలకు 130 పడిందనుకోండి. ఒక్క నెల తప్పకుండా కట్టింది. అద్దె ముందు కట్టలేదు, ఇది ముందు కట్టింది. నెలనెలా 40 డాలర్ల వడ్డీ మిగిలిపోతూ వచ్చింది. పదేళ్లు. కట్టిన సొమ్ము 15,600. చివర చేతికొచ్చిన కాగితంలో బాకీ 34,800. ఆ కాగితం చదివే క్షణంలో ఆమె ఎవరినీ తప్పుపట్టదు, తానే ఎక్కడో కూడిక తప్పు చేశానేమోనని మళ్లీ మొదటి నెల నుంచీ లెక్క పెట్టుకుంటుంది. ఇరవై, పాతికేళ్లు ఇలా కడితే మిగిలింది కొట్టేస్తామని ఆ పద్ధతి చెబుతుంది. పాతికేళ్లంటే ఆమె యవ్వనమంతా.

1980లలో గ్రాంట్ల కన్నా అప్పులు పెద్దవయ్యాయి. ఆ తర్వాత రాష్ట్రాలు విశ్వవిద్యాలయాలకిచ్చే సొమ్ము బిగించడం, ఫీజులు పెరగడం, పెరిగినకొద్దీ అప్పు పెరగడం. ఆ ఏళ్ల గురించి విడిగా చెప్పుకోవడానికి ఏమీ లేదు, కొండ మీంచి బండరాయి దొర్లుతున్నప్పుడు ప్రతి దొర్లుకూ పేరు పెట్టం కదా. లాభం కోసం నడిచిన కాలేజీలు పేదవాడల్లో బోర్డులు కట్టి, ఉద్యోగం ఖాయమని చెప్పి, పిల్లల పేరున ప్రభుత్వ అప్పు తీయించి ఫీజుగా తామే తీసుకున్నాయి. వాటిలో బాగా పెద్దవాటిలో ఒకటైన కొరింథియన్ 2015లో మూతపడింది. ఆ అప్పులన్నీ మాఫీ కావడానికి 2022 దాకా ఆగాల్సి వచ్చింది. 5,60,000 మంది.

తల్లిదండ్రులు కూడా ఈ కథలోకి వచ్చారు. పిల్లల చదువుకు అమ్మానాన్నలు ప్రభుత్వం దగ్గర తీసుకునే అప్పుకు ఒకప్పుడు గరిష్ఠ పరిమితి ఉండేది. 1992లో దాన్ని తీసేసి, కాలేజీ ఎంత చెబితే అంతన్నారు. ఇక్కడ మనవాళ్లు గుర్తొస్తారు. హైదరాబాద్ నుంచో, గుంటూరు నుంచో విద్యార్థి వీసా మీద వెళ్లే పిల్లలకు ఆ అమెరికా ప్రభుత్వ రుణం రాదు. వాళ్లది ఇక్కడి బ్యాంకు అప్పు. ఊళ్లో ఇంటి కాగితాలు, పొలం పాసు పుస్తకం, నాన్న సంతకం. కాని సంతకం చేసేటప్పుడు ఏ దేశపు తండ్రి అయినా ఒకే పని చేస్తాడు. కాగితంలోని అంకె చూడడు, పిల్ల మొహం చూస్తాడు.

1996లో వచ్చిన ఒక చట్టం, బాకీపడ్డ విద్యారుణం కింద ముసలివాళ్ల సోషల్ సెక్యూరిటీ పింఛనులోంచి కూడా కోత పెట్టుకోవచ్చంది. పింఛనులో 15 శాతం దాకా తీసుకోవచ్చు, నెలకు 750 డాలర్లు మాత్రం వదిలిపెట్టాలి. అప్పు పదేళ్లు దాటి పాతదైనా సరే కోయవచ్చని 2005లో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. ఆ తర్వాత రొట్టె ధర పెరిగింది, మందుల ధర పెరిగింది. చట్టంలో ఆ 750 అంకె అలాగే ఉండిపోయింది.

2007లో మాత్రం ఆ పాత 1958 వాక్యం మళ్లీ ఊపిరి పోసుకున్నట్టు కనిపించింది. టీచరుగానో, నర్సుగానో, ప్రజలకు పనికొచ్చే కొలువులో పదేళ్లు పనిచేస్తూ 120 కిస్తీలు కడితే మిగిలిన అప్పంతా మాఫీ అన్నారు. సగం కాదు, మొత్తం. ఎందరో నమ్మారు. ఎక్కువ జీతం వచ్చే చోట్లు వదులుకుని పల్లె బళ్లలో, ఊరి ఆసుపత్రుల్లో ఉండిపోయారు. పదేళ్లు గడిచి 2017లో మొదటి వాళ్లు దరఖాస్తులు పెట్టారు. మరుసటి ఏడు లెక్క బయటికొచ్చింది: దరఖాస్తు పెట్టిన దాదాపు 28,000 మందిలో ఆమోదం దొరికింది వందమందికి కూడా కాదు. నీది ఆ రకం అప్పు కాదన్నారు, నీవు కట్టిన పద్ధతి వేరన్నారు. పదేళ్లలో ఒక్కరైనా ఆ మాట ముందే గట్టిగా చెప్పి ఉంటే ఏమయ్యేది? 2021 తర్వాత నిబంధనలు సడలించి, ఈ పథకం కింద పది లక్షల మందికి పైగా బాకీ చెల్లుచేశారు. ఆ ఇళ్లలో దీపం వెలిగింది, నిజం. కాని మధ్యలో పోయిన ఏళ్లు ఎవరి ఖాతాలోనూ తిరిగి జమ కాలేదు.

ఆఖరి మలుపు అందరికీ గుర్తుండే ఉంటుంది. కోవిడ్ రోజుల్లో, 2020 మార్చి నుంచి కిస్తీలు ఆపారు, వడ్డీ సున్నా చేశారు. మూడేళ్లకు పైగా. ఆ కాలంలో మొదటిసారి, బాకీ అంకె వడ్డీతో పెరగకుండా ఆగింది. 2022 ఆగస్టులో అప్పటి అధ్యక్షుడు బైడెన్ ప్రకటించాడు: 10,000 డాలర్ల దాకా మాఫీ, పెల్ గ్రాంట్ తీసుకున్న పేద విద్యార్థులకు 20,000 దాకా. 2 కోట్ల 60 లక్షల మంది ముందుకొచ్చారు. 1 కోటి 60 లక్షల మంది అర్హులని తేల్చారు. నవంబరులో వాళ్లకు ఈమెయిళ్లు వెళ్లాయి.

ఆ ఈమెయిల్‌ను తలుచుకుంటాను. మీ దరఖాస్తు ఆమోదించాం అంటుంది. దాని కిందే, కోర్టులో కేసు ఉంది కాబట్టి ఇప్పుడు అమలు చేయలేకపోతున్నాం అంటుంది. పంక్తి తర్వాత పంక్తి. వంటింట్లో నిలబడి ఫోన్‌లో అది చదివినవాళ్లు మొదటి పంక్తి దగ్గరే ఆగి, కళ్లు తుడుచుకుని, ఆ తర్వాత కిందికి చదివి ఉంటారు. చాలామంది దాన్ని డిలీట్ చేయలేదని నా నమ్మకం. కోర్టు కాదంటుందని తెలిసినా, తీర్పు వచ్చేదాకా అలాగే ఉంచుకుంటాం. ఆశ అలాంటిది. 2023 జూన్ 30న సుప్రీంకోర్టులో ఆరుగురు న్యాయమూర్తులు కాదన్నారు, ముగ్గురు అవునన్నారు. శరదృతువులో కిస్తీలు మళ్లీ మొదలయ్యాయి. 2025 మే 5 నుంచి, ఎగవేత కింద పడ్డ అప్పుల మీద బలవంతపు వసూళ్లూ మొదలుపెట్టారు.

కొటుల్లా బళ్లో ఆకలితో కూర్చున్న పిల్లలకు 1965 నాటికి నలభై దాటి ఉంటాయి. గేట్లు తీశామన్న మాట వాళ్లు రేడియోలో విని ఉండవచ్చు. వాళ్ల పిల్లలు ఆ దారిలోనే నడిచి ఉంటారు. మనవలు కూడా.

శాన్ మార్కస్ కాలేజీ ఇప్పుడు టెక్సస్ స్టేట్ యూనివర్సిటీ. అమెరికాలో పద్దెనిమిదేళ్ల బిడ్డ చేసే రుణ ఒప్పందం ఇప్పుడు ఒక తెర మీద ఉంటుంది. ఒక్కసారి సంతకం చేస్తే పదేళ్లదాకా కొత్తగా తీసుకునే అప్పులకూ అదే చెల్లుతుంది. పేరు టైపు చేసి, ఒక మీట నొక్కాలి, అంతే. ఆ ఊళ్లోనూ ఏ సాయంత్రమో ఒక పిల్లో పిల్లవాడో, పార్ట్‌టైం పనిలో నేల తుడిచి వచ్చి, చేతులు కడుక్కుని, గదిలో మంచం మీద కూచుని, ఆ మీట నొక్కుతూ ఉంటారు.